బాపు తుడిచిన అద్దం

మొన్న కళ్ళ డాక్టరు పరీక్షలన్నీ చేసి, మా బాపుకు ఉండిన నీటికాసుల జబ్బే నాకూ వచ్చిందనీ, చూపు అంచుల నుంచి తరిగిపోతుందనీ, పోయినది తిరిగి రాదనీ చెప్పినప్పుడు, నాకు భయం కంటే ముందు మా పాత మేడ, దాని మీద నా టెలిస్కోపు గుర్తుకొచ్చాయి.

బాపుది చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టిలో అద్దాల కొట్టు. నేను సర్కారు ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన రోజుల్లో, బదిలీ మీద వెళ్తున్న తోటి ఉద్యోగి ఒకాయన తన అద్దపు టెలిస్కోపు నాకిచ్చి పోయాడు. గొల్లకావడి మూడు చుక్కల కింద పొగలా మసకగా కనిపించే నెబ్యులాను ఫోటో తీసి, బాపు చూపు పూర్తిగా పోకముందే ఆయన చేతిలో పెట్టాలని నా పంతం. కన్ను ఆనించే చోట కెమెరా బిగించి, చుక్కల వెంట గొట్టాన్ని వెంట్రుకవాసి చొప్పున చేత్తో జరుపుతూ కూర్చునేవాణ్ణి. రీలు కడిగిస్తే చుక్కలన్నీ వానపాముల్లా సాగి వచ్చేవి. నయాపూల్‌లోని స్టూడియో ఆయనైతే సగం ఫోటోలు అచ్చే వెయ్యలేదు. "ఇండ్ల ఏం లేదు భాయ్, ఖాళీ పొగ పట్టింది" అన్నాడు పాపం, ఆ పొగ కోసమే నేను చస్తున్నానని తెలియక.

బాపు శాలువా కప్పుకుని ప్రతిసారీ పక్కనే కూర్చునేవాడు. ఒకసారి, "జర నన్ను గూడ సూడనియ్యి బిడ్డా" అన్నాడు. కెమెరా విప్పితే మళ్ళీ కుదరదనీ, ఫోటో వచ్చాక తీరిగ్గా చూద్దువుగానీ అనీ చెప్పాను. మళ్ళీ అడగలేదు.

కొట్లో బోణీకి ముందు ప్రతి అద్దాన్నీ సుద్దపొడితో రుద్దడం ఆయనకు దేవుడి దీపమంత నియమం. ఒక సాయంత్రం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి టెలిస్కోపు అద్దాన్ని విప్పి, రుద్ది, నాకోసం ఎదురుచూస్తున్నాడు. "ఎన్నడన్న తుడిసినవా దీన్ని? సూడు, గుడ్డంత నల్లగైంది" అని మురిసిపోయాడు. కొట్లో అద్దాలకు మెరుపు పూత వెనక ఉంటుంది, దీనికి ముందువైపే ఉంటుంది. ఆ గుడ్డకు అంటింది మసి కాదు, పూత. మంచిగైంది బాపు అని, ఆ రాత్రి గుడ్డి అద్దంతోనే ఫోటో తీస్తున్నట్టు నటించాను.

పూత కోసం వేరే ఊరికి పంపిన అద్దం తిరిగొచ్చేసరికి ఆ ఏటికి గొల్లకావడి పడమట దిగిపోయింది. మరుసటి చలికాలం ఫోటో కుదిరింది. అప్పటికి బాపు చూపు పోయింది. ఆ కాగితాన్ని కొట్లో అద్దాన్ని తడిమినట్టే వేళ్ళతో తడిమి, "నున్నగున్నది" అన్నాడు.

ఇప్పుడు చార్మినార్ చుట్టూ దీపాల వెలుగులో గొల్లకావడి వెతికినా దొరకడం లేదు. నెబ్యులా కావాలంటే ఫోన్లో రంగురంగులవి కనిపిస్తాయి. అద్దం పాడుచేసింది బాపే కదా అని ఏళ్ళ తరబడి లోలోపల కుమిలాను. కానీ అంతకుముందు ఎన్ని రాత్రులు ఆయన చూపుండగా నా పక్కన కూర్చున్నాడో. కెమెరా విప్పి పక్కన పెట్టడానికి రెండు నిమిషాలే పట్టేది.