ఏసీ బంద్ జేసి కాపాడిన సీస

మొన్న శుక్రవారం నా నౌకరి పొయ్యేదే. నౌకరి పోతే పాయె, ఒక మనిషి మనసు ఇరిగేది. చాయ తాగుకుంట ఇనుండ్రి. నవ్వే ముచ్చటే గని, నాకైతే ఇంక సక్కగ నవ్వస్తలేదు.

నేను ఈ ఒమన్‌ల, సోహార్‌ల పాలో సార్ విల్లాల వంట జేస్త, మీకెరుకే. సార్‌ది పోర్చుగల్, స్టీల్ ప్లాంటుల పెద్ద ఇంజనీరు. వాళ్ల ఊర్లె తాతల కాలం సంది ద్రాక్షతోట, దాని పక్కకే వైన్ తీసే ఇల్లు. పండ్లను కాళ్లతోని తొక్కి, ఆ ఎర్ర రసం కట్టె పీపాలల్ల పోసి ఏండ్లకేండ్లు ఉంచుతరట. నేను కల్లు గీసే గౌండ్లోన్ని. పొద్దున దించిన కల్లు పొద్దుగూకెటాల్లకు పులుస్తది. ఏండ్లకేండ్లు ఉంచుడేందని నాకు నమ్మబుద్ధి కాలె.

పోయినేడు సార్ వాళ్ల నాయిన సచ్చిపోయిండు. అప్పుడే ప్లాంటుల షట్‌డౌన్ పని. లీవు దొరకలె, మట్టికి పోలేకపోయిండు. మనకు ఎరుకలేని బాధనా అది? ఆ దినం గూడ డ్యూటీకి పోయిండు. కండ్లల్ల ఒక్క చుక్క నీరు పెట్టలె. తర్వాత తోట అమ్మేసిండ్రు. ముసలాయన ఆఖరుసారి తన చేతులతోని నింపిన సీసలల్ల ఒక్కటే మిగిలింది, అది సార్ దగ్గరున్నది. శుక్రవారం వాళ్ల అక్క వస్తది, ఇద్దరు కూసోని నాయిన పేరు మీద అది తాగాలెనని అనుకున్నరు. మన సంవత్సరికం అసొంటిదే అనుకోరాదుండ్రి.

సార్ మంగళారం ఇబ్రి సైట్‌కు పోవుకుంట ఆ సీస నా చేతుల పెట్టిండు. పసిపిల్లను ఇచ్చినట్టు ఇచ్చిండు. మా మాటలు సగం హిందీ, సగం ఇంగ్లీషు. నేను మన మాటల చెప్తున్న.

“నర్సయ్యా, నో ఫ్రిజ్. నో కోల్డ్. నిలవెట్టు, కదపకు. రూమ్ టెంపరేచర్. ఓకే?”

“ఓకే సార్!”

ఏం ఓకే? నా తెలివి సూడుండ్రి. మనం గల్ఫోళ్లం రూమ్ అని దేన్నంటం? డ్యూటీ అయినంక పోయి పండేదాన్ని. విల్లాను ఎవడన్న రూమ్ అంటడా? అంటే సార్ చెప్పింది నా రూమే! విల్లాల వచ్చేటోళ్లు పొయ్యేటోళ్లు ఉంటరు, నర్సయ్య దగ్గరైతే భద్రంగ ఉంటదని అనుకున్నడు. నా మీద ఇంత నమ్మకమా అని ఛాతి ఉబ్బింది. మరి టెంపరేచర్ అంటే? నో కోల్డ్ అన్నడు గదా. ఏసీ బంద్!

మా రూమ్ మిద్దె మీద. ఒట్టి స్లాబు, ఒక్క కిటికి. అసలే జూన్ నెల. నాతోని ఉండేది డ్రైవర్ రాజన్న, జగిత్యాల దిక్కోడు. నేను ఏసీ బంద్ జెయ్యంగనే లేచి కూసున్నడు.

“ఏమైందిరా? కరెంటు పోయిందా?”

“లేదన్నా. సీసకు సలి తగలొద్దట.”

“దానికి సలి పెడ్తదని మనం సావాల్నా? నీ సీస పాడుగాను!”

“సార్ వాళ్ల నాయిన చేసింది అన్నా. ఆఖరుది.”

నాయిన అనంగనే రాజన్న లేచి తువ్వాల తడిపిండు. ఆయన గూడ వాళ్ల నాయిన మట్టికి పోనోడే. ఆ తడి తువ్వాల మీదేసుకొని పండిండు. మూడు రోజులు ఇద్దరం చెమటల తానం జేసినం. బేస్తారం నాటికి బిరడ జరంత పైకి లేచింది, సీస పక్కపొంటి ఎర్రగ ఒక ధార కారింది. నేను మంచిగ తుడిసి, బొటనేలుతోని బిరడను లోపటికి నొక్కిన. ఎంత హుషారున్ననో సూడుండ్రి!

శుక్రవారం మధ్యాహ్నం రాజన్న పోయి అక్కను మస్కట్ ఎయిర్‌పోర్టు నుంచి తోల్కొచ్చిండు. తెల్ల ఎంటికెలు, సార్ అసొంటి ముక్కే. ఇబ్రి నుంచి వచ్చిన సార్ నాతోని సీస తెప్పించి, మూడు గ్లాసులు పెట్టమన్నడు. మూడోది నాయినకట. బిరడ తీసి, జరంత పోసి, ముక్కు దగ్గర పెట్టుకున్నడు. అట్లనే ఆగిపోయిండు.

వాసన నా దాంక వచ్చింది. అయ్యో! గౌండ్లోని ముక్కు గదా, ఎట్ల పట్టదు? ఎండల మర్సిపోయిన కల్లు లొట్టి వాసన, దానికి తోడు బెల్లం పాకం మాడిన వాసన.

“నర్సయ్యా, ఇది ఎక్కడ పెట్టినవ్?”

“రూమ్ల సార్.”

“ఏ రూమ్?”

“నా రూమ్ సార్. మీరే అన్నరు గదా, రూమ్ టెంపరేచర్ అని. ఫుల్ టెంపరేచర్ సార్! మూడు రోజులు ఏసీ బంద్!”

తిడితే పడ్తుంటి. సార్ గ్లాసు కింద పెట్టి గోడ దిక్కు సూసుకుంట కూసున్నడు. నాకు దుఃఖం ఆగలె. “తప్పయింది సార్. నన్ను ఇంటికి పంపుండ్రి” అన్న.

అక్క ఏమైందని అడిగితే సార్ వాళ్ల మాటల చెప్పిండు. ఆమె అడిగేది నాకు, నేను చెప్పేది ఆమెకు సార్ మార్చి చెప్పిండు.

“నువ్వు గూడ ఆ ఉడుకలనే పండినవా?”

“అవు మేడం. సీసను ఒక్కదాన్నే ఎట్ల ఇడిసిపెడ్త?”

“మీ నాయిన ఏం జేస్తుండె?”

“తాటిచెట్లెక్కి కల్లు దించుతుండె.”

“నువ్వు ఆయన కల్లును ఇట్ల ఖరాబు జేస్తే ఏమంటుండె?”

“అనుడేంది మేడం? చెట్టెక్కే మోకుతోని కొడ్తుండె.”

సార్ అది చెప్పంగనే ఇద్దరు ఒకరి మొఖం ఒకరు సూసుకున్నరు. “మా నాయిన గూడ” అన్నడు సార్. “పీప మూత సరిగ పెట్టలేదని నన్ను తోటంత ఉరికిచ్చి కొట్టిండు.” అక్క పక్కున నవ్వింది. నవ్వుకుంటనే ఏడ్సింది. సార్ బల్ల మీద తలకాయ పెట్టి వెక్కి వెక్కి ఏడ్సిండు. ఏడాది సంది సూస్తున్న, సార్ ఏడ్సుడు అప్పుడే సూసిన.

సీస పారబొయ్యనియ్యలె అక్క. తనకు, తమ్మునికి పోసింది. నాయిన గ్లాసు నా ముందటికి జరిపి, ఆయన దిక్కుకెల్లి నువ్వు తాగు అన్నది. నేను వద్దంటే ఊకోలె. నిలవడి, రెండు చేతులతోని పట్టుకొని తాగిన.

“ఎట్లున్నది?” అని అడిగిండు సార్, కండ్లు తుడుసుకుంట.

“మస్తున్నది సార్.”

ఉత్తదే! దగ్గు మందు కాచినట్టున్నది. తాతల కాలం సంది ఆ ఇంటోళ్లు దానికి వేడి తగలకుంట కాపాడుకున్నరు. నేనేమో వంటోన్నైతి. మూడు రోజులు సన్నసెగ మీద వండి పెట్టిన.