షామీర్‌పేట చెరువులో సముద్రం పాఠాలు

మొన్న కారులో షామీర్‌పేట చెరువు పక్కగా వస్తుంటే, మా తమ్ముడి కూతురు ఫోను తీసి బంగాళాఖాతం ఇవాళ ఎక్కడెక్కడ ఎంత వేడిగా ఉందో రంగుల్లో చూపించింది. ఆ రంగుల వెనక ఎంత తాడు, ఎంత బురద, ఎంత మొండితనం ఉన్నాయో దానికేం తెలుసు!

తొంభైల్లో సముద్ర శాస్త్రం చదివి వచ్చిన నాకు మేడ్చల్ దగ్గరి ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే ఉద్యోగం దొరికింది. సముద్రమే లేని చోట సముద్రం చదువేమిటని మా ఊరు రావల్కోల్‌లో నవ్వనివాళ్లు లేరు. నవ్వితే నవ్వనీ అనుకుని, శనివారం మధ్యాహ్నాలు విద్యార్థులను వెంటేసుకుని ఈ చెరువుకే వచ్చి, చేపలు పట్టేవాళ్ల తెప్ప ఎక్కేదాన్ని. మొదట్లో లోతు నీళ్ల వేడి కొలుద్దామని థర్మామీటరుకు తాడు కట్టి వదిలితే, పైకి లాగేలోపు పైనున్న వెచ్చని నీళ్లు తగిలి లెక్క కాస్తా మారిపోయేది. పిల్లలు ఒకటే నవ్వు. ఆ తర్వాత సీసాకు రాయి, బిరడాకు వేరే తాడు కట్టి, లోతుకు దిగాక బిరడా లాగి, నిండిన సీసాను పైకి తెచ్చి కొలిచేవాళ్లం.

ఆ లెక్కలను ఆ సాయంత్రమే కంప్యూటర్లోకి ఎక్కించాలని మా ఆత్రం. అప్పట్లో కంప్యూటర్ గదంటే చెప్పులు బయట విడవాల్సిందే కదా! బుద్ధిగా విడిచాం గానీ, కాళ్లకున్న చెరువు బురద సంగతి ఒక్కరికీ తట్టలేదు. తెల్లటి గచ్చు మీద మా అడుగులు చూసి ప్రిన్సిపాల్‌గారు మండిపడ్డారు, ఇక చెరువు మాట ఎత్తొద్దన్నారు. సరిగ్గా అప్పుడే, ఎప్పుడో అర్జీ పెట్టుకున్న సముద్ర పరిశోధన ఓడలో నాకు చోటు దొరికిందని కబురు వచ్చింది. సెలవు అడిగితే, ఓడ ఎక్కితే ఉద్యోగం ఉండదని తేల్చేశారు.

ఇంటికొచ్చి ఏడుస్తుంటే, సముద్రం మొహమే చూడని మా అవ్వ కసిరింది. "కొలువు పోతే ఇంకోటి దొరుకుతది బిడ్డా, ఓడ మల్ల మల్ల వస్తదా? ఏడుసుడు బంజెయ్, జల్దీ బట్టలు సదురుకో."

వెళ్లాను. కడుపులో ఉన్నదంతా కక్కుకుంటూనే సముద్రం నీళ్లు తోడాను, కొలిచాను. తిరిగొచ్చేసరికి కాలేజీలో నా కుర్చీలో మరొకరున్నారు. ఆ శనివారం ఇంట్లో ఉండబట్టక చెరువుకు వస్తే, సీసాలూ తాళ్లూ పట్టుకుని నా పిల్లలంతా అక్కడే ఉన్నారు. "మీరొస్తరని మాకెర్కే మేడం" అన్నారు. ఆ రోజు కట్ట మీదే పాఠం చెప్పాను, ఎవరొచ్చి ఆపుతారో చూద్దామని గొంతు పెంచి మరీ చెప్పాను.

ఇప్పుడు యంత్రాలే సముద్రంలో మునిగి తేలి లెక్కలు పంపుతున్నాయి. మంచిదే. కానీ తాడు చేతిలోంచి జారుతూ లోతుకు దిగే ఆ బరువు ఈ పిల్లలకు ఎలా తెలుస్తుందని మనసుకు వెలితిగా ఉంటుంది. అందుకే మొన్న కారు ఆపించి, తమ్ముడి కూతురిని నీళ్ల దాకా నడిపించాను. కాళ్లకు బురద అంటుతుందని అది సణిగింది.

అంటనీ, అన్నాను.