సీ పై పో

నా చిన్నప్పుడు సింగపూర్‌లో ఒకే చోటికి రెండు మూడు పేర్లుండేవి. మలయ్ వాళ్ళది ఒకటి, చీనా వాళ్ళది ఒకటి, బోర్డు మీద ఇంగ్లీషుది ఒకటి. మా నాన్న ఓడరేవులో కూలి. అమ్మకు తెలుగు, సంతలో బేరానికి సరిపడా మలయ్ తప్ప మరో భాష రాదు.

ఒక ఉదయం వీధి చివర కొట్టు నడిపే చీనా అంకుల్ పరుగున వచ్చాడు. మా వాడకంతటికీ ఫోను ఆయన కొట్లోనే ఉండేది. తనకొచ్చిన నాలుగు మలయ్ ముక్కల్లో, "మీ ఆయన, సీ పై పో. తొందరగా వెళ్ళు" అన్నాడు. ఆ పేరు చెబితే చాలనుకున్నాడు, పాపం. అమ్మ చెవికి అది సిపాయిలా వినబడింది; ఆమె లెక్కలో సిపాయి అంటే పోలీసే. నాన్నను పోలీసులు పట్టుకుపోయారనుకుని, నా చెయ్యి పట్టుకుని స్టేషనుకు నడిచింది. నాన్న పేరుగల మనిషి ఇక్కడ లేడని వాళ్ళు ఎంత చెప్పినా నమ్మలేదు. మధ్యాహ్నం దాటేదాకా బెంచీ మీదే కూర్చుని, ఏడుస్తూ ఇంటికొచ్చాం.

పక్కింటి మలయ్ ఆవిడను మక్‌చిక్ అనేవాళ్ళం, పిన్ని అన్నట్టు. సంగతి విని ఆమె ముఖం పాలిపోయింది. "పోలీసులు కాదమ్మా. పూర్వం సిపాయిల లైన్లు, అంటే వాళ్ళ బసలు, ఉండిన చోటది. ఇప్పుడక్కడ పెద్దాసుపత్రి. చీనా వాళ్ళు సీ పై పో అంటారు" అంది. తనే టాక్సీ పిలిచి తీసుకెళ్ళింది. రేవులో తాడు తెగి మూటలు మీద పడ్డాయట. మేం వెళ్ళేసరికి నాన్న ముఖం మీద దుప్పటి కప్పేశారు. పొద్దున తెలివిలోనే ఉన్నాడని, గుమ్మం వైపే చూశాడని పక్క మంచం మీది తమిళాయన చెప్పాడు.

కర్మలయ్యాక మక్‌చిక్ సాయంత్రాలు నన్ను తన మెట్ల మీద కూర్చోబెట్టుకునేది. ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. ఒక్కో చోటునూ ఎవరేమంటారో పలికించేది. చైనాటౌన్ తమకు క్రేతా ఆయెర్, చీనా వాళ్ళకు గూ చియా చుయి, రెండింటికీ అర్థం నీళ్ళబండేనంది. "ఇక మీ అమ్మ వెంట నువ్వే తిరగాలి. ఎవరు ఏ పేరు చెప్పినా నీకు తెలియాలి" అంది. అది ఆట కాదని ఆ వయసులోనే అర్థమైంది. అమ్మను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆమె మాత్రం తనను తాను క్షమించుకోలేదు.

ఇప్పుడు నేను ఈ ఊళ్ళోనే టోవా పాయో పేటలో ఉంటున్నాను. "ఫోన్‌లో అన్నీ ఉన్నాయి లా, అమ్మమ్మా" అంటుంది మనవరాలు ఇక్కడి యాసలో. ఉండొచ్చు. బస్టాపులో ముసలివాళ్ళెవరైనా దారి అడిగితే మాత్రం నాకు తెలిసిన పేర్లన్నీ ఒక్కొక్కటే చెబుతాను. వాళ్ళకు అర్థమైందని ముఖంలో కనబడేదాకా, నా బస్సు వెళ్ళిపోయినా కదలను.