చేపలకు పోసిన బియ్యం

కొల్లేటి చేపకు మీరు పోసిన దోసెడు బియ్యంలో, తిరిగి మనిషి నోటికి ఎంత చేరుతుందో ఎన్నడైనా ఆలోచించారా?

వరద తీసిన వారంలో, తాడేపల్లిగూడెంలో బియ్యం మిల్లు నడిపే రంగయ్యగారు లంక గ్రామం కోసం రెండు బస్తాలు తీసుకువెళుతున్నానంటే, మంచి పని అని వెంట బయలుదేరాను. ఉదయం ప్యాసింజరులో ఏలూరు చేరి, స్టేషను ఎదుట ఇడ్డెనలు తిని, ఎడ్లబండి మీద కొల్లేటి గట్టుకు వెళ్లేసరికి పదకొండు దాటింది.

అక్కడ దోనె ఎక్కాం. శాంతమ్మ అనే లంక మనిషి చంటిబిడ్డతో మా పక్కన కూర్చుంది. ఆమె చేను ఇంకా నీళ్లలోనే ఉంది.

"మా ఊరికేనాండీ బియ్యం? గంజి కూడా లేదండి. బిడ్డకి పాలు పడట్లేదు."

"మీకోసమేనమ్మా," అన్నారు రంగయ్యగారు.

నడి నీళ్లలో దోనె ఆపించి, దండం పెట్టి, మొదటి బస్తా కుమ్మరించసాగారు. నేను చెయ్యి పట్టుకున్నాను.

"వదలండి, ఇది అమ్మోరి మొక్కు. మనిషి తింటే రేపటికి అరిగిపోద్ది. చేప తింటే పెరుగుద్ది, పిల్లలు పెడద్ది. ఏడాదంతా ఊరు తింటది."

"చేప ఈదదా, ఊపిరి తీయదా? తిన్నదానిలో చాలా భాగం ఆ పనికే ఖర్చై, వేడిగా నీళ్లలో కలిసిపోతుంది. ఒంటికి పట్టేది కొంచెమే. దాన్ని కొరమీను మింగితే మళ్లీ అంతే నష్టం. మీ బస్తా ఈమె వలలోకి వచ్చేసరికి గుప్పెడవుతుంది."

"నా నోరు ఇక్కడే ఉంది కదండీ, అంత చుట్టు తిప్పడమెందుకు?" అంది శాంతమ్మ.

రంగయ్యగారు నవ్వి బస్తా దులిపారు. చిరుచేపలు గుమిగూడాయి. గూడబాతు ఒకటి వాలి, వాటిని ముక్కు కింది తిత్తిలోకి ఎత్తుకుని ఎగిరిపోయింది.

"ఆ పక్షికి మొక్కారేంటండీ?" అందామె మళ్లీ. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నేను రెండో బస్తా మీద కూర్చున్నాను. దోనె నడిపే మనిషి నా భుజం పట్టి లాగాడు. "అమ్మోరి సొమ్ము, లెగండి బాబూ. మమ్మల్ని ముంచుతారా?" ఆ బస్తా కూడా నీటిపాలైంది. దోనె అడుగున చెదిరిన తడి గింజలను శాంతమ్మ ఒక్కొక్కటే ఏరి కొంగున మూట కట్టుకుంది. ఆమె ఊరికి చేరిన బియ్యం అంతే.

ఏలూరులో రంగయ్యగారు కడుపునిండా భోంచేశారు. సాయంత్రం రైల్లో, "మనసు తేలికైందండి," అన్నారు. కాదూ మరి! ఖాళీ గోనెసంచులు ఆయన తలకింద దిండయ్యాయి. దేవతకూ చేపకూ పక్షికీ మధ్య తిరిగి తిరిగి కరిగిపోయే దానాన్ని మనం పుణ్యమంటున్నాం. ఆకలి మాత్రం ఎక్కడా కరగలేదు.

రేపు మీ ఊళ్లో ఎవరైనా బస్తాతో నీటివైపు నడిస్తే, అడ్డంగా నిలబడండి. ఒక్కరే వెళ్లకండి, నాలా ఓడిపోతారు. పదిమందిని వెంటబెట్టుకు వెళ్లి, ఆ బియ్యం ఆకలిగొన్న మనిషి చాటలో పోయించిగాని కదలకండి.