మా ఇద్దరిదీ ఒకే చెయ్యి

పొద్దున కొలతల గది తలుపు తీయగానే ముందు చలి తగులుతుంది. మీట నొక్కాక ఆ చప్పుడు మొదలవుతుంది. టిక్. కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ టిక్. యంత్రం తన సన్నటి చేతిని దించి, ముందున్న లోహపు ముక్కను ముట్టీ ముట్టనట్టు తాకి, లెక్క తీసుకుని పైకి లేస్తుంది. వేడికి లోహం ఉబ్బి కొలత మారిపోతుంది కాబట్టి గదిని ఎప్పుడూ ఒకే చల్లదనంలో ఉంచాలి. నడి వేసవిలో కూడా నేను స్వెట్టర్ వేసుకుని కూర్చుంటాను. టీ తెచ్చే మనిషి చెప్పులు విప్పడానికి బద్ధకించి, గాజు తలుపు మీద ఒక తట్టు తట్టి, కప్పు బయటే పెట్టి పోతాడు. ఇక సాయంత్రం దాకా నన్ను పలకరించేవాళ్ళుండరు. రూతు మేడమ్ ఉన్న రోజుల్లో ఈ గదిలో కొలవడమంటే ఇద్దరు మనుషులు మాట్లాడుకోవడం.

మాది సికింద్రాబాద్‌లో, లాలాగూడ రైల్వే వర్క్‌షాపుకు కాస్త ఇవతల ఉన్న చిన్న ఫ్యాక్టరీ. ఒకేలాంటి వస్తువులను వేలకు వేలు చేసే చోటు కాదు. ఎవరి మిషన్‌లోనో ఒక భాగం అరిగిపోతుంది, దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడి ఉంటుంది. వాళ్ళు డ్రాయింగు పట్టుకుని మా దగ్గరికి వస్తారు. మేము ఆ ఒక్క ముక్క చేసి ఇస్తాం. ఆ ముక్క సరిగ్గా వచ్చిందో లేదో తేల్చే పని రూతు మేడమ్‌ది. ఆవిడ వాళ్ళది గుంటూరు వైపు కుటుంబం. తండ్రి రైల్వేలో చేరడంతో లాలాగూడలోనే పుట్టి పెరిగారు. పాలిటెక్నిక్ ముగించి, అల్వాల్ నుంచి బస్సులు మారి వచ్చిన నన్ను మొదటి రోజు తలెత్తి కూడా చూడలేదు. నా చేతుల వైపే చూశారు.

"పేరేంటి?"

"నస్రీన్, మేడమ్."

"నస్రీన్, ఈ మైక్రోమీటర్ ఎట్లా పట్టుకుంటావో చూపించు."

చూపించాను. మందం కొలిచే ఆ పనిముట్టు చివర చిన్న పిడి ఒకటి ఉంటుంది. దాన్ని తిప్పితే సరైన బిగువు రాగానే పట్టు వదిలి ఉత్తినే తిరుగుతుంది, అంతకు మించి నొక్కనివ్వదు. కాలేజీలో అలాగే నేర్పారు. మేడమ్ నా వేళ్ళను ఆ పిడి మీద నుంచి తీసేశారు. "అది అరిగిపోతుంది అమ్మాయ్. నీ వేళ్ళు అరగవు" అని, తన బొటనవేలిని నా బొటనవేలి మీద ఆనించి, ఎంత నొక్కాలో అంతే నొక్కి చూపించారు. ఎక్కువైతే "ఊహూఁ" అనేవారు, తక్కువైతే ఏమీ అనకుండా మళ్ళీ నొక్కేవారు. అలా ఎన్ని నెలలు గడిచాయో నాకు లెక్క లేదు. మా అమ్మ కూడా నా చెయ్యి అంతసేపు పట్టుకుని ఉండదు.

ప్రతి ముక్కనూ ఇద్దరం వేర్వేరుగా కొలవాలని ఆవిడ నియమం. ముందు ఆవిడ కొలిచి, అంకె మనసులోనే పెట్టుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి నాకు వీపు చేసి నిలబడేవారు. తర్వాత నేను కొలవాలి. చెప్పడం మాత్రం ముందు నేనే. "పెద్దవాళ్ళు ముందు చెబితే చిన్నవాళ్ళ కళ్ళకి అదే కనిపిస్తుంది" అనేవారు. నేను చెప్పాక తన అంకె చెప్పేవారు. మొదట్లో తేడాలు వచ్చేవి, మళ్ళీ మళ్ళీ కొలిచేవాళ్ళం. రానురాను తేడా రావడం మానేసింది. ఆ రెండు అంకెలూ కలిసినప్పుడల్లా నాకు ఎంత సంతోషంగా ఉండేదో చెప్పలేను. రంజాన్‌లో నేను రోజా ఉపవాసం ఉన్నప్పుడు నా ముందు టిఫిన్ డబ్బా తెరవకుండా వరండాలో నిలబడి తిని, నోరు కడుక్కుని మరీ లోపలికి వచ్చే మనిషి. అలాంటి మనిషి చేతితో నా చెయ్యి కలిసిందంటే ఇంకేం కావాలి?

ఆ కలవడమే మా కొంప ముంచింది. మందుబిళ్ళలు చేసే మిషన్‌కి ఒక పలచటి కంచు రింగు చేసి పంపాం. చేతి గాజు కన్నా కొంచెం మందం, అంతే. వారం తిరక్కుండా అది వెనక్కి వచ్చింది. మా ఓనర్ రాంచందర్ సార్ దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టారు.

"గిదేంది మేడమ్? దాని జాగల కూసుంటలేదట. లావుందంటున్నరు. మీరిద్దరు చూసిన పీసే గదా?"

మేడమ్ కొలిచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. నేను కొలిచి చెప్పాను. ఆవిడా అదే అంకె చెప్పారు. డ్రాయింగులో ఉన్నదీ అదే. సార్ బుర్ర గోక్కుని, ఆ రింగును బయట యంత్రంతో కొలిచే చోటుకు పంపించారు. అక్కడ మరో అంకె వచ్చింది. రింగు నిజంగానే లావుగా ఉంది.

మేడమ్ ఆ రింగును వేళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా నొక్కి చూశారు. తర్వాత, "అమ్మాయ్, నీ చెయ్యి ఇలా ఇవ్వు. కొలిచేటప్పుడు ఎంత నొక్కుతావో అంత నా వేలి మీద నొక్కు" అన్నారు. నొక్కాను. ఆవిడ తిరిగి నా వేలి మీద నొక్కారు. రవ్వంత కూడా తేడా లేదు. ఉక్కు ముక్కలు మా నొక్కుడుకు లొంగేవి కావు కాబట్టి ఇన్నాళ్ళూ బయటపడలేదు. పలచటి కంచు లొంగింది, మా వేళ్ళ మధ్య అణిగి సన్నగా కనిపించింది.

"ఇద్దరం కొలిచామనుకున్నాం" అన్నారు మేడమ్. "ఇద్దరం కాదు నస్రీన్. మన దగ్గర ఉన్నది ఒకటే చెయ్యి. నా తప్పుని తీసుకెళ్ళి నీ చేతిలో పెట్టాను."

యంత్రం కొనమని సార్‌కి చెప్పింది ఆవిడే. ఆయనకు ఒక అనుమానం. "మనది ఒక్క పీసు పని గదా మేడమ్. ఒక్కొక్క పీసుకు ఎక్కడెక్కడ ముట్టాలె అని మెషిన్‌కి కూసొని చెప్పేటాళ్ళెవరు? గంతసేపట్ల చేత్తోనే కొలవొచ్చు" అన్నారు. డ్రాయింగు ఇస్తే ఎక్కడ తాకాలో యంత్రమే తేల్చుకునేలా ఏర్పాటు చేయాలని, అది నస్రీన్ చేస్తుందని మేడమ్ జవాబు చెప్పారు. నన్ను ఒక్క మాట అడగలేదు. యంత్రం వచ్చింది. కొలతకు సంబంధించి మేడమ్‌కు తెలిసిందంతా, ఏ వైపు ముందు ఆనించాలి, ఏ అంచును నమ్మకూడదు, అంతా ఒక్కొక్కటిగా దానికి ఎక్కించడం నా పని. పక్కన కూర్చుని ఆవిడ చెప్పేవారు.

నేను మెల్లగా చేశాను. కావాలనే చేశాను, దానికి ఇప్పటికీ సిగ్గుపడను. యంత్రం తన పని తాను చేసుకోవడం మొదలుపెడితే ఈ గదిలో ఒక్కరు చాలు. ఆ ఒక్కరూ ఆవిడ కాదని అందరికీ తెలుసు. ఆవిడ భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. ఒకరోజు నా వెనక నిలబడి, "నిన్న అయిపోయిన పనిని మళ్ళీ ఎందుకు విప్పావు?" అని అడిగారు.

"ఇంకా సెట్ అయితలేదు మేడమ్."

"నాతో అబద్ధాలా?"

నాకు ఏడుపు వచ్చేసింది. "మీరు ఇంటికి పోయి ఎవరితో మాట్లాడతరు మేడమ్?"

ఆవిడ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. "ఎవరితోనూ మాట్లాడను. అది నా తక్లీఫు. దానికోసం ఎవడి మిషన్లోనో తప్పుడు ముక్క పెడదామా? కానివ్వు."

కానిచ్చాను. యంత్రం మొదటిసారి తనంతట తానుగా కొలిచింది కూడా ఒక కంచు రింగునే, కొత్తగా చేసినది. మేడమ్ ముందే చేత్తో కొలిచి, అలవాటు ప్రకారం కిటికీ దగ్గర నిలబడి, "ముందు చిన్నవాళ్ళు" అన్నారు. యంత్రం తెర మీద అంకె చూపించింది. నేను చదివాను. ఆవిడ తన అంకె చెప్పారు. కొంచెం తక్కువ. వెనక్కి తిరిగి నవ్వారు. "నాతో కలవనిది ఒకటి దొరికింది" అన్నారు. ఆ నెలాఖరున ఉద్యోగం మానేసి, సన్మానం వద్దని, శాలువా వద్దని, రోజూ వెళ్ళే వేళకే బయల్దేరి వెళ్ళిపోయారు.

ఆదివారం చర్చి అయ్యే వేళకు లాలాగూడలో ఆవిడ ఇంటికి వెళ్ళేదాన్ని. ఏ ముక్కలు వచ్చాయి, ఎక్కడ ఇబ్బంది పెట్టాయి అని అడిగేవారు. తన సంగతి అడిగితే మాట తప్పించేవారు. చివరికి జబ్బుపడి ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. "గట్టిగా నొక్కుతున్నావు" అన్నారు కళ్ళు తెరవకుండానే. వదలబోయాను. "ఉండనీ. ఇక్కడెవరూ కొలవట్లేదుగా" అన్నారు. కొన్నాళ్ళకే ఆవిడ సమాధిలో మట్టి వేసి వచ్చాను.

ఇప్పుడు పలచటి రింగు వచ్చినప్పుడల్లా యంత్రం పని ముగించాక నేను కూడా ఒకసారి చేత్తో కొలుస్తాను. ఆ అంకె ఎక్కడా నమోదు కాదు, ఎవరికీ చెప్పను. అది ప్రతిసారీ యంత్రం చెప్పినదానికన్నా రవ్వంత తక్కువే వస్తుంది. అది తప్పు. తప్పని ఆవిడే తేల్చారు. అయినా ఆవిడ నా చేతిలో పెట్టిన ఆ తేడా కనిపించేదాకా నాకు ఊపిరి ఆడదు. వయసు మీద పడుతోంది, వేళ్ళలో పట్టు మారుతోంది. ఏదో ఒక రోజు నా అంకె యంత్రం అంకెతో సరిగ్గా కలుస్తుంది. ఆ రోజు నుంచి ఈ గదిలో నేను నిజంగా ఒక్కదాన్నే.