శ్రీకాళహస్తికి మూడో జాబితా

2005 ఆగస్టు. తిరుపతిలో ఒక మహిళా కళాశాలలో కంప్యూటర్ సైన్స్ చెప్పేదాన్ని. చెప్పులు బయట విడిచి ల్యాబులోకి వెళ్లే రోజులవి. నా దగ్గర భారతి పరిశోధన చేసేది. ఆమె అంశం క్వాంటం కమ్యూనికేషన్, అంటే కాంతి కణాలతో కబురు పంపడం. ఒకే సమాచారం పలుచోట్ల ఉన్నప్పుడు, మనకు కావలసింది ఏదన్నది దాన్ని భద్రపరిచినవాళ్లకు తెలియకుండా, తక్కువ కబుర్లతో తెప్పించుకోవాలి. కాంతి కణాల యంత్రం మాకెక్కడిది? ఆ లెక్క కాగితం మీదే. ప్రయోగం మామూలు కంప్యూటర్ల మీద.

మా హాస్టల్లో వంట చేసే మునిలక్ష్మి ఒక శిబిరంలో హెచ్ఐవీ పరీక్షకు రక్తం ఇచ్చింది. పేర్లుండవు, నంబర్లే. ఫలితాలు తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి కేంద్రాల్లో మూడు చోట్లా ఉన్నాయి.

“పోయి అడగొచ్చు గదమ్మా?” అన్నాను.

“తిరుపతి సెంటర్లో కూసోనుండేది మా మరిది మేడమ్. నంబరు యాడ సెప్పినా సందేళకి ఊరంతా తెలిసిపోతాది. మళ్లా నన్ను పొయ్యికాడికి రానిస్తారా?”

కేంద్రాల పెద్దల అనుమతి తీసుకుని భారతి పద్ధతి వాడదామనుకున్నాం. తిరుపతికి కొన్ని నంబర్ల జాబితా పంపాలి. చిత్తూరుకూ అదే, కావలసిన ఒక్క నంబరు తేడాతో. జాబితాలో వ్యాధి ఉన్నవారి లెక్క సరా, బేసా అన్నదే వాళ్లు చెప్పాలి. రెండు జవాబులూ ఒకటైతే ఆ నంబరుకు వ్యాధి లేనట్టు. ఒక్క జాబితా చూసి మన నంబరేదో ఎవరూ పట్టలేరు.

ముందు ఉత్తుత్తి నంబరుతో చేయించాను. చిత్తూరు ఆపరేటర్ ఫోన్ చేశాడు.

“మేడమ్, మీ జాబితా తిరుపతిలో మా బావకి సదివి వినిపించినా. ఆయనదాంట్లో ఒక నంబరు ఎక్కువుండాది. టైపు తప్పేమో, దిద్దేసినా. మీరేం బయపడొద్దు!”

అతని బావ మునిలక్ష్మి మరిదే.

భారతి తల పట్టుకుంది. కేంద్రాలు తమలో తాము మాట్లాడుకోవన్నది ఆమె రుజువులో మొదటి వాక్యం. కాంతి కణాలతో పంపినా ఆ వాక్యం లేనిదే ఆ రుజువు నిలవదు.

“ఎవుర్ని అడిగి రాసినావే ఆ మాట?” అన్నాను.

“బావాబామ్మర్దులుంటారని యాడ అనుకున్నా మేడమ్!”

చుట్టరికం లేని శ్రీకాళహస్తిని కలుపుకుని లెక్క మళ్లీ కట్టింది. మొదటి రెండు జాబితాలకు పొంతన ఉండదు. మూడూ కలిస్తేనే నంబరు తేలుతుంది. చిత్తూరుకు ముందే చెప్పాను: “ఈసారి దిద్దొద్దు నాయనా. తప్పులన్నీ మావే.”

మునిలక్ష్మి ల్యాబులో కంప్యూటర్ ముందు కూర్చుని తన నంబరు తానే కొట్టింది. ఫలితం కింద, వ్యాధి ఉన్నా లేకున్నా, వేలూరులో వైద్యం దొరికే చోటు కూడా కనిపించేలా పెట్టాం. మేం బయట నిలబడ్డాం. కాసేపటికి వచ్చి, “పొయ్యి మీద పప్పుండాది, పోతా మేడమ్,” అని వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఎవరు రుజువు తెచ్చినా, ఎవరికెవరు ఏమవుతారో ముందు అడిగేదాన్ని. మునిలక్ష్మి ఫలితం మాత్రం నాకు ఈనాటికీ తెలియదు. పని సరిగ్గా జరిగిందనడానికి అంతకన్నా వేరే రుజువు అడగను.