ఆరో కుర్చీ లెక్క

మా కోడలు ఏం ఉద్యోగం చేస్తుందని ఎవరైనా అడిగితే మూడేళ్ళపాటు "ఏదో ఆఫీసులే" అని మాట దాటేశాను. తెలియక కాదు, చెప్పినా ఎవరూ నమ్మరని. అంబులెన్సు కోసం జనం ఫోన్ చేసే ఆఫీసులో పనిచేస్తుంది గానీ తను ఫోన్ ఎత్తదు, బండి ఎక్కదు, రోగి మొహం చూడదు. ఏ వేళకు ఎంతమంది ఫోన్ చేస్తారు, ఎన్ని కుర్చీల్లో మనుషులుంటే ఎవరు ఎంతసేపు ఆగాల్సి వస్తుంది అని లెక్కలు వేస్తుంది. జనం ఆగడాన్ని లెక్కపెట్టడానికి కూడా జీతాలిస్తారని నాకు అప్పటిదాకా తెలియదు.

నేను చదివింది నాలుగో తరగతి. ముప్ఫై రెండేళ్ళు చొక్కాల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టాను. అక్కడ ఎవరి చేతులైనా ఊరికే కనిపిస్తే సూపర్‌వైజరు కంటే ముందు నేనే కసిరేదాన్ని. అలాంటి నా ఇంటికి, గోడకేసి చూస్తూ గంటసేపు కూర్చునే పిల్ల కోడలిగా వచ్చింది.

"ఏమ్మా, గోడ ఏమైనా చెప్పిందా?" అనేదాన్ని.

"ఇంకా లేదు అత్తయ్యా. రేపు చెబుతుందేమో" అనేది.

ఆ జవాబులో ఎదురు తిరిగినట్టూ ఉండదు, తల వంచినట్టూ ఉండదు. మనిషి పొట్టి. చెవి వెనక ఎప్పుడూ పెన్సిలు. పాత క్యాలెండరు కాగితాలు వెనక్కి తిప్పి రాస్తుంది. ఆ రాతలో ఒక అక్షరం కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డ మనిషిలా ఉంటుంది. ఇంకోదానికి తోక కిందికి జారి ఉంటుంది. మొదటిది జనం ఎంత జోరుగా వస్తున్నారో చెబుతుందట, రెండోది ఒక్కో కుర్చీ వాళ్ళని ఎంత జోరుగా పంపిస్తుందో చెబుతుందట. "ఈ రెండింటి మధ్యే నా ఉద్యోగమంతా" అంది ఓసారి. రెండక్షరాలకు ఇన్నేళ్ళ చదువా అనుకున్నాను.

ఆమెతో దుకాణానికి వెళ్ళడం మాత్రం పెద్ద శిక్ష. మూడు వరసలుంటే పొట్టి వరస వదిలేసి పొడుగు వరసలో నిలబెడుతుంది, అక్కడ బిల్లు కొట్టే పిల్ల చెయ్యి చురుకని. చివరికి ఆమె మాటే నిజమవుతుంది. అందుకే ఇంకా ఒళ్ళు మండుతుంది.

ఆ ఆఫీసులో ఫోన్లెత్తే గదికి ఆరు కుర్చీలు. ఆరో కుర్చీలో కూర్చునేది మా పైవాటాలో ఉండే ఆవిడ. ఆవిడ మెట్ల మీద మాట్లాడితే వీధి చివరికి వినిపిస్తుంది, అందుకని మేమంతా కంచుగొంతు అంటాం. ఆవిడకూ తెలుసు, ఏమీ అనుకోదు.

కిందటేడు ఆ ఆఫీసు పెద్దసారుకు ఒక అనుమానం వచ్చింది. ఏ పూట చూసినా సగం మంది ఖాళీగా కూర్చుంటున్నారు, ఆరు కుర్చీలెందుకు, అయిదు చాలవా అని. లెక్క తేల్చమని మా కోడలికి ఇచ్చాడు. కంప్యూటర్ల సెక్షను వాళ్ళు ఆరు నెలల ఫోన్ల జాబితా ఫైలుగా పంపారు. మూడు వారాలు క్యాలెండరు కాగితాలు నింపి, అయిదు చాలని తేల్చి, సంతకం పెట్టి ఇచ్చేసింది. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి ఆరో కుర్చీ తీసేసి కంచుగొంతుని సామాన్ల గదికి మార్చాలని నిర్ణయమైంది. అప్పటికి మా కోడలిది ఇంకా తాత్కాలిక ఉద్యోగమే. ఈ నివేదికతో అది ఖాయమైపోతుందని పెద్దసారు అందరి ముందూ అన్నాడట.

కంచుగొంతు మెట్ల మీద మాతో మాట్లాడడం మానేసింది. ఆవిడ నోరు మూసుకుంటే ఇల్లంతా బోసిపోతుందని అప్పుడే తెలిసింది.

ఒకటో తారీఖుకు ఇంకా పది రోజులుందనగా, శనివారం పొద్దున్నే మా వీధి నీళ్ళ గొట్టం పగిలింది. నీళ్ళు మొదటి మెట్టెక్కాయి. నేను నీళ్ళ ఆఫీసుకు ఫోన్ చేశాను. అయిదారు సార్లు మోగినా ఎత్తలేదు, పెట్టేశాను. మళ్ళీ చేశాను, మళ్ళీ పెట్టేశాను. కోడలు గుమ్మంలో నిలబడి పళ్ళు తోముకుంటోంది.

"అత్తయ్యా, ఎందుకు పెట్టేశారు?"

"ఎవడూ ఎత్తకపోతే ఏం చేయను? చెవికి ఫోన్ కట్టుకుని కూర్చోనా?"

"మరి మళ్ళీ ఎందుకు చేశారు?"

"గొట్టం దానంతటదే అతుక్కుందా, చేయకుండా ఉండటానికి?"

మూడోసారీ అంతే. నాలుగోసారి చేయగానే ఎత్తారు. నేను అనాల్సినవన్నీ అని తిరిగి చూస్తే, ఆమె బ్రష్షు చేత్తో పట్టుకుని అలాగే నిలబడి ఉంది. నురగ గడ్డం మీదికి కారుతోంది.

"మొత్తం ఎంతసేపు ఆగారు?" అంది.

"కళ్ళముందే ఉన్నావుగా. పది నిమిషాలు."

"కాదు. వాళ్ళ కాగితం మీద మీరు ఆగింది అయిదు సెకన్లు" అంది మెల్లగా. "ముందు చేసిన మూడూ తప్పు నంబర్ల కింద కొట్టేస్తారు."

"నేను తప్పు నంబరేంటి?"

"ఒకటి కాదు, మూడు" అని లోపలికి వెళ్ళిపోయింది. మొహం కూడా కడుక్కోలేదు.

తర్వాత అర్థమయ్యేలా చెప్పింది. కంప్యూటర్ల సెక్షను వాళ్ళు ఫైలు శుభ్రం చేసి ఇచ్చారు. అరనిమిషంలోపు పెట్టేసిన ఫోన్లన్నీ ఎవరో పొరపాటున చేసినవనుకుని తీసేశారు. ఆ ఫోన్లు చేసింది పొరపాటు మనుషులు కాదు. ఆగలేక పెట్టేసి, వెంటనే మళ్ళీ చేసినవాళ్ళు. కాగితం మీద వాళ్ళ ఆఖరి ప్రయత్నం ఒక్కటే మిగిలింది, ఆగింది క్షణకాలమే అన్నట్టు. గది ఎంత అధ్వాన్నంగా పనిచేస్తే అంతమంది విసిగి పెట్టేస్తారు, అంతమందినీ కొట్టేస్తే కాగితం అంత బాగుంటుంది.

"అయితే తప్పు శుభ్రం చేసినవాళ్ళది" అన్నాను.

"ఇచ్చినదాన్ని ఇచ్చినట్టు నమ్మింది నేను. సంతకం నాది."

ఆ సోమవారం నుంచి రెండు రోజులు ఎనిమిదింటికల్లా వెళ్ళి ఫోన్ల గదిలో ఒక మూల స్టూలేసుకుని కూర్చుంది. కొట్టివేతలేవీ లేని అసలు జాబితా ఫోను కంపెనీ నుంచి తెప్పించుకుంది. ఒకే నంబరు రెండు నిమిషాల తేడాలో ఎన్నిసార్లు కనిపిస్తుందో పెన్సిలుతో గీతలు పెట్టుకుంది. కంచుగొంతు ఆమె వైపు కూడా చూసేది కాదట.

బుధవారం పొద్దుటికి లెక్క తిరగబడింది. మా అబ్బాయి లిఫ్టులు బాగుచేసే మనిషి, తాడు తెగకముందే భయపడే రకం.

"ఇప్పుడు వెళ్ళి నా లెక్క తప్పంటే నీ ఉద్యోగం ఖాయమవుతుందా? నోరు మూసుకుంటే ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

"ఫోన్ చేసేవాళ్ళకు" అంది.

వాడు నా వైపు చూశాడు, నేనేదో సాయం వస్తానని. నేను బీన్స్ తుంచుతూ కూర్చున్నాను. నాకు మాత్రం ఒక ముక్క అర్థం కాలేదు. "సగం ఖాళీగానే ఉంటారంటున్నావు, మళ్ళీ చాలరంటున్నావు. రెండూ ఎలా నిజమవుతాయే?" అన్నాను.

"మన స్నానాల గది రోజుకు ఎన్ని గంటలు ఖాళీగా ఉంటుంది అత్తయ్యా?"

"ఇరవై రెండు."

"మరి పొద్దున ఏడింటికి తలుపు బాదేది ఎవరు?"

బీన్స్ పక్కన పెట్టాను. బాదేది నేనే. జనం గంటకు ఇంతమందని పంచుకుని రారు, గుంపుగా వచ్చి పడతారు. ఆ గుంపుని పట్టేది ఖాళీ కుర్చీ ఒక్కటే. అది వృథాగా పడి ఉన్నట్టు కనిపించడమే దాని పని.

ఆ మధ్యాహ్నమే కుర్చీ సంగతి మీద మీటింగు. అక్కడేం జరిగిందో, తర్వాత మళ్ళీ మాట కలిపి నాకు చెప్పింది కంచుగొంతు. ఫోన్ల గది తరఫున ఆవిడా వెళ్ళి కూర్చుంది. మా కోడలు లేచి, కాగితాలేవీ విప్పకుండా, "నా మొదటి లెక్క తప్పు సార్. కుర్చీ తీయకండి" అందట.

పెద్దసారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడట. "మొదటిది తప్పయితే రెండోది ఒప్పని నేనెలా నమ్మాలమ్మా?"

"నమ్మక్కర్లేదు సార్."

"అయితే ఒక వారం కుర్చీ తీసేసి చూద్దాం. నిజమేదో తేలిపోతుంది."

"ఆ వారం ఫోన్ చేసేవాళ్ళకు ముందే చెబుతారా సార్, మీ మీద పరీక్ష చేస్తున్నామని?"

అప్పుడు ఈమె చెవి వెనక పెన్సిలు తీసి, ఒక కాగితం మీద ఏదో రాసి, మడిచి, కవరులో పెట్టి ఆయన ముందుకు జరిపింది.

"రేపు ఎనిమిది నుంచి తొమ్మిది లోపల, ఆరు కుర్చీలూ నిండుగా ఉన్నా, ఎంతమంది విసిగి పెట్టేసి మళ్ళీ చేస్తారో ఇందులో రాశాను. అయిదు కుర్చీలయితే ఎంతమందో కూడా రాశాను. మొదటిది రేపు ఫోను కంపెనీ జాబితాతో మీరే సరిచూసుకోండి. అది తప్పితే రెండోది చింపేయండి, నన్నూ పంపించేయండి."

నేను ముప్ఫై రెండేళ్ళు పనిచేశాను. చెయ్యి నొచ్చినా సూది విరిగినా ఎవరికీ జడవలేదు. కానీ ఆ మాట అనగలిగేదాన్ని కాను. రాని రోజు గురించి అంకె రాసి, కవరు అంటించి, తన అన్నం దాని మీద పెట్టడానికి గుండె కావాలి, ఆ గుండెకు లెక్క వచ్చి ఉండాలి.

మర్నాడు తొమ్మిదిన్నరకు కవరు విప్పారు. ఆమె రాసింది ఇరవై రెండు నుంచి ముప్ఫై లోపల అని. జాబితాలో తేలింది ఇరవై ఆరు. కింద రెండో అంకె, అయిదు కుర్చీలకు, డెబ్బైకి తక్కువ కాదు అని ఉంది. పెద్దసారు ఆ అంకె కేసి చాలాసేపు చూసి, కాగితం మడిచి తన జేబులో పెట్టుకున్నాడట. కుర్చీ ఉండిపోయింది.

ఉద్యోగం మాత్రం ఖాయం కాలేదు. మొదటి నివేదికలో పొరపాటు జరిగినందున ఆరు నెలలు వాయిదా అని ఉత్తరం వచ్చింది. నేను ఆ ఉత్తరాన్నీ, రాసినవాణ్ణీ, వాడి వంశాన్నీ వదలలేదు. ఆమె మాత్రం దాన్ని వెనక్కి తిప్పి, తెల్లగా ఉందని సంతోషించి, దాని మీద లెక్కలు మొదలుపెట్టింది.

"నీకు కోపం రాదా?" అన్నాను.

"తప్పు చేసిన మాట నిజమే కదా అత్తయ్యా. ఆరు నెలలే."

ఆ తర్వాత ఒకరోజు కోడలు తన కళ్ళజోడు మర్చిపోయి వెళ్ళింది. ఇద్దామని నేనే ఆఫీసుకు వెళ్ళాను. ఫోన్ల గదికి అద్దం తలుపు. లోపల అయిదుగురు మాట్లాడుతున్నారు. ఆరో కుర్చీలో కంచుగొంతు చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఫోను వస్తేగానీ వెలగని దీపం కేసి చూస్తూ కూర్చుంది. అల్లిక లేదు, కాగితం లేదు, చేతులు ఊరికే ఉన్నాయి. అద్దంలోంచి నన్ను చూసి, ఏమంటావో అను అన్నట్టు గడ్డం ఎత్తింది.

నా నోటి సంగతి ఆవిడకు తెలుసు. నేను ఏమీ అనలేదు. దీపం వెలిగేదాకా అక్కడే నిలబడ్డాను.